గోడ ఎందుకు వంగింది

వాషింగ్టన్ డీసీలో ఇప్పుడు హావర్డ్ యూనివర్సిటీ ఆస్పత్రి ఉన్న చోట ఒకప్పుడు గ్రిఫిత్ స్టేడియం అనే బేస్‌బాల్ మైదానం ఉండేది. 1911లో కట్టారు, 1965లో కూలగొట్టారు. పైనుంచి తీసిన పాత ఫోటోల్లో చూస్తే సెంటర్ ఫీల్డ్ దగ్గర కన్ను ఆగిపోతుంది. తిన్నగా వస్తున్న గోడ ఉన్నట్టుండి మైదానం లోపలికి తిరుగుతుంది, ఒక మూల చేస్తుంది, మళ్ళీ దాని దారిన అది పోతుంది. ఆ మూల వెనకాల ఐదు ఇళ్ళు, ఒక పెద్ద చెట్టు. స్టేడియం కట్టేటప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు స్థలం అమ్మం అన్నారు. అమ్మకపోతే ఏం చేస్తారు? గోడని వాళ్ళ పెరళ్ళ పక్కనుంచి తిప్పి కట్టుకున్నారు.

అమెరికా అధ్యక్షులు సీజన్ మొదటి బంతి విసిరే ఆనవాయితీ సాగింది ఈ మైదానంలోనే. అంటే దేశానికే పెద్దదిక్కు వచ్చి కూర్చునే చోట కూడా, ఐదు ఇళ్ళవాళ్ళు ఒక్క మాట అన్నారు కాబట్టి గోడ వంగింది. అర్ధ శతాబ్దం పాటు అక్కడ సెంటర్ ఫీల్డ్‌లో ఆడిన ప్రతివాడూ ఆ మాటని దృష్టిలో పెట్టుకునే పరిగెత్తాడు.

క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు ఇది మొదట్లో మింగుడుపడలేదు. క్రికెట్‌లోనూ బౌండరీ దూరాలు ఊరిని బట్టి మారతాయి, నిజమే. ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ మైదానంలో బౌండరీ లోపలే ఒక లైమ్ చెట్టు (మన నిమ్మ కాదు, వేరే జాతి) 2005లో గాలికి పడిపోయేదాకా ఉండేది. కానీ అది ముద్దుకోసం ఉంచుకున్న చెట్టు. తాడు కొంచెం అటో ఇటో జరుపుకునే ఆట మనది. బేస్‌బాల్‌లో తాడు లేదు, గోడ ఉంది. గోడని రాత్రికి రాత్రి జరపలేం. పాత స్టేడియంలు ఒక్కోటి ఒక్కో వంకరలో ఎందుకున్నాయో వెతుక్కుంటూ పోతే నాకు దొరికింది ఆట చరిత్ర కన్నా ఎక్కువగా రిజిస్ట్రేషన్ ఆఫీసు చరిత్ర.

ముందు ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి. బేస్‌బాల్ నియమాలు ఒక విషయంలో మహా పట్టుదలగా ఉంటాయి. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, అంతే. బంతి విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. 1893 నుంచి అందులో మార్పు లేదు. ఆ ఆరంగుళాలు కూడా వదలని ఆట, ఇన్‌ఫీల్డ్ దాటగానే ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. గోడ ఎంత దూరంలో ఉండాలి, ఎంత ఎత్తుండాలి, తిన్నగా ఉండాలా వంకరగా ఉండాలా అంటే, మీ ఇష్టం. ఇన్‌ఫీల్డ్‌ది ఛందస్సు, ఔట్‌ఫీల్డ్‌ది వచనం అనుకోవచ్చు.

క్రికెట్‌లో పిచ్ మైదానం నడిమధ్యలో ఉంటుంది. బంతి ఎటైనా పోవచ్చు కాబట్టి మైదానం చుట్టూ విస్తరించాలి. బేస్‌బాల్‌లో కొట్టేవాడు ఒక మూల నిలబడతాడు. అతని కాళ్ళ దగ్గరనుంచి రెండు ఫౌల్ గీతలు సరిగ్గా 90 డిగ్రీల్లో విడిపోతాయి. వాటి మధ్యలో పడ్డ బంతే బంతి. అంటే ఇది గది మూలన విప్పి పెట్టిన విసనకర్ర లాంటి ఆట. ఇలాంటి ఆట నగరంలోని ఒక బ్లాకులో చక్కగా ఇమిడిపోతుంది. ఒక మూల హోమ్ ప్లేటు పెడితే రెండు వీధుల వెంబడి రెండు గీతలు పోతాయి. విసనకర్ర అవతలి అంచు ఎక్కడ తెగుతుందనేది మాత్రం ఆటకి సంబంధం లేని విషయం. అవతలి వీధి ఎక్కడుందో, రైలు పట్టాలు ఎటు వంగాయో, పక్క స్థలం ఎవరిదో అవే తేలుస్తాయి.

అసలు గోడ ఎందుకొచ్చిందో చూస్తే ఇంకా బాగుంటుంది. తొలి రోజుల్లో గోడే లేదు. 1840లలో న్యూయార్క్ వాళ్ళు నది దాటి హోబోకెన్‌లో ఎలీషియన్ ఫీల్డ్స్ అనే పచ్చికబయలుకి పోయి ఆడుకునేవాళ్ళు. బంతి ఎంత దూరం పోతే అంత దూరం పరిగెత్తి తెచ్చుకోవడమే. 1862లో బ్రూక్లిన్‌లో విలియం క్యామ్మయర్ అనే వ్యాపారి, చలికాలంలో స్కేటింగ్ కోసం వాడే తన స్థలం ఎండాకాలంలో ఖాళీగా ఎందుకుండాలని, యూనియన్ గ్రౌండ్స్ పేరుతో దాన్ని బేస్‌బాల్‌కి ఇచ్చాడు. చుట్టూ కంచె ఉంది కాబట్టి మనిషికి పది సెంట్లు వసూలు చేశాడు. గోడ పుట్టింది బంతిని ఆపడానికి కాదు. టికెట్ కొనని జనాన్ని ఆపడానికి.

గోడ కట్టేశాక దాని మీదుగా బంతి పోతే ఏం చెయ్యాలనే ప్రశ్న వచ్చింది. ఇప్పుడు మనకి హోమ్ రన్ అంటే ఆ ఆటకే ప్రాణం అనిపిస్తుంది గానీ, గోడ దాటిన బంతికి ఎంత విలువ ఇవ్వాలనేది ఒకప్పుడు స్థానికంగా తేల్చుకునే సంగతి. షికాగోలో లేక్ ఫ్రంట్ పార్క్ అని ఉండేది. ఒకవైపు మిషిగన్ అవెన్యూ, ఇంకోవైపు ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే పట్టాలు, మధ్యలో ఇరుక్కున్న ముక్క. ఎడమ వైపు గోడ 180 అడుగులు, కుడి వైపు 196. మామూలు కుర్రాడు కొట్టినా దాటిపోతుంది. అందుకని 1883 దాకా అక్కడ గోడ దాటిన బంతిని డబుల్‌గా మాత్రమే లెక్కేసేవాళ్ళు. 1884లో దాన్ని హోమ్ రన్ అన్నారు. ఆ ఏడాది ఆ జట్టు ఆటగాడు నెడ్ విలియమ్సన్ 27 హోమ్ రన్లు కొట్టాడు. అందులో 25 సొంత మైదానంలోనే. మరుసటి ఏడు జట్టు వేరే మైదానానికి మారింది. విలియమ్సన్ కొట్టినవి మూడు. కానీ 27 అనే ఆ అంకె మాత్రం 1919లో బేబ్ రూత్ 29 కొట్టేదాకా, ముప్ఫై అయిదేళ్ళు, రికార్డు పుస్తకంలో దర్జాగా కూర్చుంది. ఆ రికార్డులో విలియమ్సన్ చేతివాటం ఎంతో, రైల్వే కంపెనీ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఇవన్నీ చెక్క స్టేడియంలు. చవగ్గా కట్టేవాళ్ళు, తరచూ తగలబడేవి. 1894లో బోస్టన్ సౌత్ ఎండ్ గ్రౌండ్స్‌లో ఆట జరుగుతుండగా అంటుకున్న మంట చుట్టుపక్కల వందకు పైగా భవనాల్ని బూడిద చేసింది. 1909లో ఫిలడెల్ఫియాలో షైబ్ పార్క్‌తో ఉక్కూ కాంక్రీటూ వచ్చాయి. అక్కడినుంచి 1915 దాకా, ఆరేడేళ్ళలో, ఇప్పుడు మనం పాతవి అని మురిసిపోయే స్టేడియంలు దాదాపు అన్నీ లేచాయి. చెక్క స్టేడియం అయితే కాలిపోయినప్పుడల్లా ఆకారం మార్చుకునే వీలుంది. కాంక్రీటుతో ఆ వీలు పోయింది. ఆ ఏడాది ఆ వీధి ఎలా ఉందో, ఏ ఇంటాయన ఏమన్నాడో అది అలాగే గడ్డకట్టింది.

ఎక్కడ కట్టాలో తేల్చింది ఎక్కువగా ట్రామ్ బండ్లు. కార్లు లేవు, జనం ట్రామ్ దిగి నడిచి రావాలి. క్లీవ్‌లాండ్‌లో జట్టు యజమాని ఫ్రాంక్ రాబిసన్‌కి ట్రామ్ కంపెనీ కూడా ఉంది, మైదానం కూడా తన ట్రామ్ లైను మీదే పెట్టాడు. కాబట్టి స్టేడియం అప్పటికే వీధులు పడ్డ ఊళ్ళోనో, ఊరు పాకుతున్న అంచులోనో ఉండాలి. బ్రూక్లిన్‌లో ఛార్లెస్ ఎబ్బెట్స్ ఎంచుకున్న చోటు పేరు పిగ్‌టౌన్. చెత్త పోసే గుంటలు, ఆ చెత్త తినే పందులు. అది కూడా ఒకే మనిషి చేతిలో లేదు, చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్కకి ఒక్కో యజమాని. స్టేడియం కోసం అని తెలిస్తే రేట్లు పెంచుతారని వేరే కంపెనీ పేరుతో నాలుగేళ్ళపాటు గుట్టుగా కొన్నాడు. అప్పులపాలై చివరికి జట్టులో సగం వాటా కాంట్రాక్టర్లయిన మెకీవర్ సోదరులకి రాసిచ్చాడు. 1913లో ఎబ్బెట్స్ ఫీల్డ్ తెరిచినప్పుడు కుడివైపు గోడ సుమారు 300 అడుగుల దగ్గరే నిలిచిపోయింది. దాని వెనక బెడ్‌ఫర్డ్ అవెన్యూ ఉంది మరి.

అందరికీ తెలిసినది బోస్టన్ ఫెన్‌వే పార్క్. 1912 ఏప్రిల్ 20న, టైటానిక్ మునిగిన అయిదు రోజులకి, అక్కడ మొదటి లీగ్ మ్యాచ్ జరిగింది. ఇప్పటికీ ఆడుతున్నారు. జట్టు యజమాని జాన్ టేలర్. ఆ ప్రాంతంలో భూములమ్మే ఫెన్‌వే రియల్టీ కంపెనీలో వాళ్ళ కుటుంబానికి వాటా ఉంది. స్టేడియం వస్తే చుట్టూ ప్లాట్లకి గిరాకీ. ఈ లెక్క తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఉత్తరాన లాన్స్‌డౌన్ వీధి, దాని వెనక రైలు పట్టాలు. ఆటలన్నీ మధ్యాహ్నం పూట జరిగే కాలం అది. పడమటి ఎండ కొట్టేవాడి కంట్లో పడకూడదంటే హోమ్ ప్లేటు నైరుతిలో పెట్టి అతన్ని ఈశాన్యం వైపు తిప్పి నిలబెట్టాలి. అలా నిలబెడితే ఎడమ గీత తిన్నగా లాన్స్‌డౌన్ వీధి మీదకి పోతుంది, 315 అడుగులకే స్థలం అయిపోతుంది. మనవాళ్ళకి ఆ ప్లాను చూపిస్తే ఉత్తరం తెగింది, తీసుకోవద్దు అంటారు.

1912లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ ఏడాది అమెరికన్ లీగ్ మొత్తంలో ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాళ్ళు కొట్టింది పదేసి. మెత్తబడి మట్టికొట్టుకుపోయిన బంతితో ఆడేవాళ్ళు, అది అంత దూరం పోయేదే కాదు. పాతిక అడుగుల చెక్క గోడ కట్టింది లాన్స్‌డౌన్ వీధిలోంచి ఊరికే చూసేవాళ్ళకి అడ్డంగా. తొలి వారంలోనే హ్యూ బ్రాడ్లీ అనే ఆటగాడు ఆ గోడ దాటించేసరికి జనం నోరెళ్ళబెట్టారు. వీధి మట్టానికీ మైదానం మట్టానికీ తేడా ఉండటంతో గోడ కింద పదడుగుల ఏటవాలు మిగిలింది. లెఫ్ట్ ఫీల్డ్‌లో డఫీ లూయిస్ వెనక్కి పరిగెత్తుతూ, ఆ గట్టు ఎక్కుతూ, భుజం మీంచి బంతి చూసుకుంటూ పట్టడంలో ఎంత ఆరితేరాడంటే ఆ గట్టుకి డఫీస్ క్లిఫ్ అని అతని పేరే పెట్టారు. తర్వాత రూత్ కాలం వచ్చింది. 1920లో ఒక్కడే 54 కొట్టాడు. గోడ దాటడం వింత కాకుండా పోయింది, 315 అడుగులు అనేది హఠాత్తుగా పెద్ద సమస్య అయింది. 1934లో గట్టు చదును చేసి, గోడని 37 అడుగులకి లేపి, రేకు తొడిగారు. రెండేళ్ళకి దాని పైన వల కట్టారు, ఎందుకంటే బంతులు పోయి ఎదురుగా ఉన్న షాపుల అద్దాలు పగలగొడుతున్నాయి. గోడ నిండా ప్రకటనలుండేవి. 1947లో వాటిని తుడిచేసి ఆకుపచ్చ రంగు వేశారు. గ్రీన్ మాన్‌స్టర్ అనే ముద్దుపేరు ఆ తర్వాతి సంగతి.

నేను ఫెన్‌వేలో మొదటిసారి కూర్చున్నప్పుడు ఆ గోడ ఆట మీద చేసే పని చూసి కాసేపు స్కోరు మర్చిపోయాను. ఇంకెక్కడైనా చేతిలో పడాల్సిన గాలిబంతి, పైకి లేచి తీరిగ్గా గోడ అవతల పడి హోమ్ రన్ అవుతుంది. ఇంకెక్కడైనా హోమ్ రన్ అవ్వాల్సిన దెబ్బ, నేలకి సమాంతరంగా దూసుకుపోయి, రేకుకి ఢాం అని కొట్టుకుని వెనక్కొస్తుంది. ఒక్కోసారి అది సింగిలే. అన్యాయం కదా అంటే అన్యాయమే. కాకపోతే రెండు జట్లకీ అదే గోడ, ఆ గోడతో కాపురం చెయ్యడం నేర్చుకున్నవాడికి అదో విద్య. కార్ల్ యస్త్రెమ్‌స్కీ 1961 నుంచి 1983 దాకా బోస్టన్‌కి ఆడాడు, అందులో చాలా కాలం ఆ గోడ కిందే. ఏ బంతి రేకు మీద పడితే ఎటు తిరిగొస్తుందో అతనికి కొట్టినతని కన్నా ముందు తెలిసేదని పేరు.

ఫిలడెల్ఫియాలో బేకర్ బౌల్ కథ కూడా ఇలాంటిదే. కుడి గోడ 280 అడుగులే, మైదానం కింద రైలు సొరంగం. అక్కడ రైట్ ఫీల్డ్ ఆడిన చక్ క్లైన్ 1930లో 44 మందిని తన విసురుతో ఔట్ చేయించాడు. ఔట్‌ఫీల్డర్లలో ఆధునిక కాలపు రికార్డు అది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చెయ్యి గట్టిదే, గోడ దగ్గరవడం కూడా కలిసొచ్చింది. అదే ఊళ్ళో షైబ్ పార్క్ కుడిగోడ వెనక 20వ వీధి మేడలవాళ్ళు డాబాల మీద బెంచీలు వేసి టికెట్లు అమ్ముకునేవాళ్ళు. యజమాని కానీ మ్యాక్ కోర్టుకెళ్ళి ఓడిపోయి, 1935లో పన్నెండు అడుగుల గోడ మీద ఇంకో ఇరవై రెండు అడుగుల రేకు లేపాడు. ఊరు దాన్ని ‘స్పైట్ ఫెన్స్’ అంది, అంటే కసికొద్దీ కట్టిన గోడ. నా సానుభూతి డాబాలవాళ్ళ వైపే.

న్యూయార్క్ పోలో గ్రౌండ్స్ అన్నిటికన్నా విడ్డూరం. అక్కడ పోలో ఎప్పుడూ ఆడలేదు. ఆ పేరు సెంట్రల్ పార్క్ పక్కనున్న అంతకుముందు మైదానానిది. 1889లో నగరం 111వ వీధిని ఆ పాత మైదానం మధ్యలోంచి వేసేస్తే జయంట్స్ జట్టు పేరు మూటకట్టుకుని ఉత్తరానికి పోయింది. కొత్త చోటు కూగన్స్ బ్లఫ్ అనే కొండచరియ కింద పల్లం. ఇటు చరియ, అటు నది వైపు వీధి, మధ్యలో పొడుగ్గా సన్నగా ఉన్న నేల. స్టాండ్లు స్నానాల తొట్టి ఆకారంలో వచ్చాయి. ఎడమ గీత మీద 279 అడుగులు, కుడి గీత మీద 258, మధ్యలో మాత్రం 480 దాటి.

1954 సెప్టెంబర్ 29, వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. క్లీవ్‌లాండ్ ఆ సీజన్లో 111 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు. ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, బేస్‌ల మీద ఇద్దరున్నారు. క్లీవ్‌లాండ్ ఆటగాడు విక్ వెర్ట్జ్ సెంటర్ మీదకి 420 అడుగుల దాకా కొట్టాడు. విల్లీ మేస్ వెనక్కి తిరిగి, బంతికి వీపు పెట్టి పరిగెత్తి, తల మీంచి దిగుతున్న దాన్ని చేతుల్లో పట్టుకుని, అదే ఊపులో తిరిగి విసిరాడు. అమెరికాలో బేస్‌బాల్ తెలియనివాళ్ళు కూడా చూసి ఉండే ఫోటో అది. తర్వాత పదో ఇన్నింగ్స్‌లో జయంట్స్ తరఫున డస్టీ రోడ్స్ కుడి గీత వెంబడి ఒక చెత్త దెబ్బ కొట్టాడు. మహా అయితే 260 అడుగులు. అక్కడ గోడ 258 అడుగుల్లో ఉంది కాబట్టి హోమ్ రన్, మూడు పరుగులు, మ్యాచ్ అయిపోయింది. సిరీస్ కూడా నాలుగుకి నాలుగూ పోయాయి. ఒకే సాయంత్రం, ఒకే మైదానం. 420 అడుగులు కొట్టినవాడు ఔట్, 260 కొట్టినవాడు వీరుడు. వెర్ట్జ్‌ని ఓడించింది మేస్ ఒక్కడే కాదు, కూగన్ గారి కొండ కూడా.

ఇది చదివి నవ్వొచ్చినా, ఈ వంకరల్ని నేను ముద్దు చేయడానికి కారణం వేరే ఉంది. ఆ వంకర ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఆటకన్నా ముందే ఉన్న ఒక వస్తువుని ఒప్పుకోవడం. వీధో, పట్టాలో, చరియో, ఐదు ఇళ్ళో. డబ్బున్నవాడు వచ్చి కాంక్రీటు పోసినా వాటిని తోసెయ్యలేకపోయాడు. తోసెయ్యగలిగిన కాలం వచ్చాక గోడలు తిన్నగా అయ్యాయి.

ఆ కాలం రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చింది. జనం శివార్లకి పోయారు, కార్లొచ్చాయి, కార్లకి పార్కింగ్ కావాలి. పాత పేటల్ని మురికివాడలని పేరుపెట్టి ఖాళీ చేయించే అధికారం నగరాలకి చట్టపరంగా దొరికింది. 1958లో నియమం కూడా వచ్చింది. ఆ ఏడు జూన్ 1 తర్వాత కట్టే మైదానాల్లో గీతల మీద కనీసం 325 అడుగులు, మధ్యలో 400 ఉండాలని. అరవైల నుంచి డెబ్భైల మొదటిదాకా సెయింట్ లూయిస్, సిన్సినాటి, పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియాల్లో గుండ్రటి కాంక్రీటు పళ్ళేల్లాంటివి లేచాయి. బేస్‌బాల్‌కీ ఫుట్‌బాల్‌కీ ఒకటే. ఏ ఊళ్ళో ఉన్నామో లోపల కూర్చుంటే తెలియదని అందరూ తిట్టిపోశారు. అందరూ తిట్టింది అందం లేదని. సెయింట్ లూయిస్ బుష్ స్టేడియం 1966లో లేచింది. ఆ కట్టుబడికోసం హాప్ ఆలీ అనే ఆ ఊరి పాత చైనాటౌన్‌ని నేలమట్టం చేశారు. ఆ గుండ్రటి గోడని చూసి ఎవరైనా ఆ సంగతి చెప్పగలరా? గ్రిఫిత్ గోడ చూస్తే ఐదు ఇళ్ళున్నాయని తెలుస్తుంది. బుష్ గోడ చూస్తే ఏమీ తెలియదు.

1992లో బాల్టిమోర్‌లో క్యామ్డెన్ యార్డ్స్ తెరిచారు. గాలి మళ్ళీ తిరిగింది. పాత రైల్వే యార్డు స్థలం, పక్కనే వెయ్యి అడుగులకి పైగా పొడుగున్న ఇటుకల గిడ్డంగి. దాన్ని కూలగొట్టకుండా ఉంచి, స్టేడియాన్ని దాని పక్కన ఒదిగించారు. కుడి గీత 318 అడుగులు. అది నిజమైన ఒదుగు, అందుకే బాగుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కుడివైపు 309 అడుగులకే సముద్రపు పాయ వచ్చేసింది, అది కూడా నిజమే. కానీ జనానికి వంకర నచ్చిందని తెలిశాక వంకర ఒక సరుకు అయింది. 2000లో హ్యూస్టన్ వాళ్ళు సెంటర్ ఫీల్డ్‌లో కావాలని ఒక మట్టి గుట్ట పోసి, దాని మీద ఒక జెండా స్తంభం పాతారు, పాత స్టేడియంలలో అలా ఉండేవని. ఫీల్డర్లు గుట్టెక్కుతూ పడుతూ లేస్తూ పదహారేళ్ళు ఆడాక, 2016 సీజన్ అయ్యాక దాన్ని తవ్వి పారేశారు. 2012లో ఫ్లోరిడాలో బోస్టన్ జట్టు సాధన కోసం కట్టుకున్న మైదానంలో గ్రీన్ మాన్‌స్టర్ నకలు కట్టారు. ఆటగాళ్ళ అభ్యాసానికి పనికొస్తుంది, సరే. కానీ ఆ గోడ వెనక లాన్స్‌డౌన్ వీధి లేదు. పగలడానికి అద్దాలు లేవు. తిలకం దిద్దిన ఫోటో ఫ్రేములో మనిషి లేనట్టు అనిపించింది నాకు.

ఇప్పుడు మళ్ళీ బ్రూక్లిన్ సంగతికి రావాలి. యాభైల్లో డాడ్జర్స్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీకి ఎబ్బెట్స్ ఫీల్డ్ ఇరుకైపోయింది. అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ అవెన్యూలు కలిసే చోట కొత్తది కడతాను, స్థలం నగరం సేకరించి ఇవ్వాలి అన్నాడు. నగరంలో అలాంటి పనులన్నీ చేతిలో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్, ఒక ప్రైవేటు వ్యాపారికోసం అది కుదరదన్నాడు. మోజెస్ మామూలుగా అంత నియమనిష్ఠలున్నవాడేం కాదు, వేలమంది ఇళ్ళ మీదుగా హైవేలు వేయించినవాడు. ఈ ఒక్కసారి కుదరదన్నాడు, అంతే. 1958 నుంచి డాడ్జర్స్ లాస్ ఏంజలెస్ జట్టు అయింది. 1960లో ఎబ్బెట్స్ ఫీల్డ్ కూలగొట్టారు. అక్కడ ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి. దాని ఆవరణలో బంతాట ఆడరాదని బోర్డు కూడా పెట్టారు.

లాస్ ఏంజలెస్‌లో ఓమాలీకి దొరికిన నేల పేరు చావెజ్ రవీన్. ఊరి నడిబొడ్డుకి దగ్గర్లోనే కొండలు. వాటి మీద పాలో వెర్దే, లా లోమా, బిషప్ అనే మూడు పేటలు. ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లు, సొంత ఇళ్ళు కట్టుకుని, కోళ్ళూ మేకలూ పెంచుకుని బతుకుతున్నవాళ్ళు. 1950లో వాళ్ళకి నగర గృహనిర్మాణ సంస్థ నుంచి ఉత్తరాలొచ్చాయి. ఇక్కడ పేదలకి ప్రభుత్వ ఇళ్ళు కడతాం, మీరు ఖాళీ చెయ్యండి, కొత్త ఇళ్ళలో మొదటి హక్కు మీదే అని. రిచర్డ్ నాయిట్రా లాంటి పేరున్న ఆర్కిటెక్టు ప్లాన్లు గీశాడు. చాలామంది అమ్మి వెళ్ళిపోయారు. ఇంతలో కమ్యూనిస్టు భయం రేగింది, ప్రభుత్వ ఇళ్ళంటే సోషలిజం అన్నారు. 1953లో ఆ మాట మీదే ప్రచారం చేసిన నారిస్ పౌల్సన్ మేయరుగా గెలిచాడు. ప్రాజెక్టు ఆగిపోయింది. ఇళ్ళు రాలేదు, తీసుకున్న నేల వెనక్కీ రాలేదు. భూసేకరణ అనే మాట చుట్టూ ఇలాంటి కథ వినని తెలుగువాళ్ళు ఉంటారనుకోను. పేరు ఒకటి, వాడకం ఇంకొకటి.

ఆ నేలని ఓమాలీకి ఇవ్వాలా వద్దా అని 1958 జూన్‌లో ఓటింగ్ పెట్టారు, స్వల్ప తేడాతో ఇవ్వాలనే వచ్చింది. అప్పటికి కొండ మీద మిగిలింది కొన్ని కుటుంబాలే. 1959 మే 8న షెరీఫ్ మనుషులు వచ్చి అరెచీగా కుటుంబాన్ని బయటికి ఈడ్చారు. ఒకావిడని నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుని మెట్లమీంచి మోసుకొస్తున్న ఫోటో పత్రికల్లో వచ్చింది. వాళ్ళు బయటికొచ్చిన కాసేపటికి బుల్డోజరు ఇల్లు కూల్చింది. ఆ కుటుంబం కొన్నాళ్ళు అక్కడే డేరా వేసుకుని కూర్చుంది. వాళ్ళకి వేరే చోట ఇళ్ళున్నాయని పత్రికలు రాయగానే, అప్పటిదాకా జాలి పడ్డ ఊరు చప్పున చల్లబడింది. వేరే ఇల్లున్నవాడికి ఈ ఇల్లు అక్కర్లేదన్నట్టు. వాషింగ్టన్‌లో ఆ ఐదు ఇళ్ళవాళ్ళకి ఇంకో చోట ఇళ్ళున్నాయా అని ఎవరూ అడగలేదు. గోడ తిప్పుకుని పోయారు.

కొండ పైభాగం కోసి, లోయలు పూడ్చి, ఎనభై లక్షల ఘనగజాల మట్టి కదిపారు. పాలో వెర్దే బడి పైకప్పు తీసేసి, గదుల నిండా మట్టి నింపి దాని మీద చదును చేశారని చెబుతారు. 1962 ఏప్రిల్ 10న డాడ్జర్ స్టేడియం తెరిచారు. అందమైన స్టేడియం, నిజం చెప్పాలి. సాయంత్రం పూట గోడ వెనక కొండలు ఊదారంగులోకి తిరుగుతుంటాయి. ఆ పేటల్లో పుట్టిపెరిగినవాళ్ళు తమని లోస్ దెస్తెర్రాదోస్ అని పిలుచుకున్నారు, అంటే వెళ్ళగొట్టబడినవాళ్ళు. స్టేడియం పక్కనున్న ఎలీషియన్ పార్క్‌లో ఏటా ఒకరోజు కలుసుకుని భోజనాలు చేసేవాళ్ళు.

ఆ మైదానంలో ఎడమ గీత మీద గోడ 330 అడుగుల దూరంలో ఉంది. కుడి గీత మీద కూడా 330.